చెక్క నేల మీద సిరామిక్ టైల్స్, రెండోసారి: పని డైరీ

మొదటిసారి వేసిన టైల్స్ 11 వారాలకే పగిలాయి. ఈ డైరీ రెండోసారి పనిది. మొదటిసారి ఏం చేశానో పగుళ్ళే చెబుతాయి కాబట్టి దాని గురించి వేరే రాయను.

గది మేడ మీద ఉంది. పొడవు 3.6 మీటర్లు, వెడల్పు 3 మీటర్లు, అంటే 10.8 చదరపు మీటర్లు. నేల 22 మి.మీ. మందం, 150 మి.మీ. వెడల్పు ఉన్న పలకలు. వాటి కింద 50 × 125 మి.మీ. కర్రలు 3 మీటర్ల వెడల్పు దాటి గోడ నుంచి గోడకు ఉన్నాయి. పలకల్ని మోసే ఈ కర్రల్ని వడ్రంగి దంతెలన్నాడు, నేనూ ఆ మాటే వాడతాను. దంతెకూ దంతెకూ మధ్య 600 మి.మీ. ఈ అంకె గుర్తుంచుకోండి, గొడవంతా దీనితోనే.

దశ 1: పగుళ్ళ పటం (1, 2 రోజులు)

టైల్స్ పీకే ముందు ఒక మంచి పని చేశాను. గళ్ళ కాగితం మీద గది గీసి, ప్రతి పగులూ గోడ నుంచి ఎంత దూరంలో ఉందో కొలిచి గుర్తుపెట్టాను.

అడ్డంగా ఐదు పగుళ్ళు వచ్చాయి. గోడ నుంచి 604, 1210, 1800, 2400, 3000 మి.మీ. కింది గదిలోకి వెళ్ళి దంతెలు కొలిస్తే 600, 1200, 1800, 2400, 3000. ఇంక అనుమానమెందుకు?

ఇంకో విచిత్రం. మొదటి రెండు పగుళ్ళూ గ్రౌట్ (టైల్స్ మధ్య సందుల్లో నింపే ముద్ద) గీతల్లోనే బుద్ధిగా ఉన్నాయి. మూడోది సగం గ్రౌట్‌లో, సగం టైల్ అంచున. చివరి రెండూ నేరుగా టైల్స్‌ని కోసేశాయి. టైల్ 300, గ్రౌట్ 3 కలిపి 303 మి.మీ. అంటే రెండు టైల్స్‌కి 606, దంతెకేమో 600. దంతె దంతెకీ 6 మి.మీ. చొప్పున గీత పక్కకు జరుగుతూ పోయింది. దగ్గరగా ఉన్నంతవరకు గ్రౌట్ పగిలింది, దూరమయ్యాక టైలే పగిలింది. పగలాల్సిన చోటు టైల్ ఎంచుకోలేదు, దంతె ఎంచుకుంది.

పగులు సరిగ్గా దంతె పైనే ఎందుకు? మనిషి నడిస్తే రెండు దంతెల మధ్య నేల కిందికి దిగుతుంది, దంతె మీద మాత్రం వీపు లేచినట్టు పైకి వంగుతుంది. అక్కడ టైల్ పై ముఖం సాగాలి. సిరామిక్ నొక్కితే ఎంతైనా ఓర్చుకుంటుంది గానీ, సాగమంటే సాగదు.

టైల్స్ పీకడం తేలికైంది, అదే బాధాకరమైన విషయం. 120లో 70 దాకా ఉలి పెట్టి తడితే చాలు, శుభ్రంగా ఊడొచ్చాయి. అడ్హెసివ్, అంటే టైల్స్ అతికించే సిమెంటు ముద్ద, పలకల మీద అప్పుడు వేసిన ప్లైవుడ్ మీదే దువ్వెన పళ్ళలా నిలబడి ఉంది. టైల్ వెనక దాని ఆనవాలే లేదు. అంటే నేల ఊగకపోయినా ఇవి ఎన్నాళ్ళో నిలిచేవి కావు.

ఇక్కడిదాకా: 2 రోజులు. పగిలిన టైల్స్ 31. ఊడిన ప్లైవుడ్ మొత్తం బయటికి.

దశ 2: నేల ఎంత వంగుతోంది (3వ రోజు)

ఈ కొలత మొదటే తీసుకోవాల్సింది. ఖర్చేమీ లేదు, మనుషులు ఇద్దరు చాలు.

1. కింది గదిలో, దంతె నడిమధ్యకి సరిగ్గా కింద, ఒక వెదురు కర్రని నిలువుగా నిలబెట్టి కదలకుండా బిగించాను.
2. కర్ర పై కొసకి స్టీలు స్కేలు కట్టాను.
3. దంతె పక్కన ఒక మేకు కొట్టాను. అది స్కేలు మీద ముల్లులా కదులుతుంది.
4. పైన నేనూ మా తమ్ముడూ, కలిపి 150 కిలోలం, దంతె మధ్యన నిలబడ్డాం. కింద ఫోను వీడియో తీస్తూ ఉంది.

ముల్లు 7 మి.మీ. దిగింది.

సిరామిక్ టైల్స్ కింద నేల వంపు దంతె నిడివిలో 360వ వంతు దాటకూడదన్నది వాడుకలో ఉన్న హద్దు. సహజ రాయికైతే 720వ వంతు. నా 3000 మి.మీ.కి హద్దు 8.3 మి.మీ. "7 కదా, లోపలే ఉన్నాం" అనుకుని ఆ రోజు అన్నం బాగానే తిన్నాను. రాత్రి లెక్క వేస్తే తప్పు తెలిసింది. ఆ హద్దు నేలంతా బరువు పరిచినప్పటిది, చదరపు మీటరుకు సుమారు 200 కిలోలు. ఒక్కో దంతె వాటా 0.6 × 3 = 1.8 చదరపు మీటర్లు, అంటే 360 కిలోలు. పరిచిన బరువు మధ్యలో పెట్టిన బరువులో 8కి 5 వంతులే వంచుతుంది, కాబట్టి 225 కిలోలు మధ్యలో నిలబెట్టినట్టు. 150కి 7 అయితే 225కి 10.5 మి.మీ. హద్దు దాటిపోయింది. పక్క దంతెలు కొంత మోసిపెట్టాయి గనక నిజానికి ఇంకా ఎక్కువే ఉంటుంది.

వడ్రంగి పెద్దాయన వచ్చి, మధ్యన మడమలెత్తి నిలబడి ఒక్కసారి కూలబడి చూశాడు. మూలనున్న నీళ్ళ చెంబు గణగణమంది. "ఇది నేల కాదు బాబూ, ఉయ్యాల" అన్నాడు. నా రాత్రి లెక్కంతా ఆయనకి రెండు సెకన్ల పని.

దశ 3: దంతెలు (4 నుంచి 11వ రోజు)

మూడు దారులున్నాయి. పాత దంతెలకు జంటగా కొత్తవి బిగించడం, మధ్యలో అడ్డంగా కింద దూలం పెట్టడం, దంతెల మధ్య కొత్త దంతెలు దూర్చడం. దూలం పెడితే వంపు బాగా తగ్గుతుంది గానీ కింది గదిలో తలకు తగులుతుంది. జంట చేస్తే దంతె బిగువు రెట్టింపవుతుంది, 600 సందు మాత్రం అలాగే ఉంటుంది. టైల్స్‌ని చంపింది ఆ సందే కాబట్టి మూడో దారి పట్టాం. 6 సందుల్లో 6 కొత్త దంతెలు. ఇప్పుడు దూరం 300.

(దంతె ఎత్తు పెంచే వీలుంటే అన్నిటికంటే అదే లాభం. వెడల్పు రెట్టింపు చేస్తే బిగువు రెట్టింపే, ఎత్తు రెట్టింపు చేస్తే 8 రెట్లు. మాకు పైకప్పు ఎత్తు లేదు.)

పుచ్చు. పాత దంతెల కొసల్లో స్క్రూడ్రైవర్ గుచ్చుకుంటూ పోయాను. ఆరు గట్టిగానే ఉన్నాయి. కిటికీ పక్కదానిలోకి మాత్రం వెన్నలో దిగినట్టు 25 మి.మీ. దిగింది. తేమ మీటరు 24 శాతం చూపించింది, మిగతావి 12, 13. చెక్కలో తేమ 20 శాతం దాటి ఉంటే బూజు తినడానికి సిద్ధంగా ఉంటుంది. బయట గొట్టం కారి గోడ నానుతోంది. ముందు గొట్టం బాగుచేయించి, గోడ ఆరాక, పుచ్చినంత మేర కోసేసి పక్కన కొత్త కర్ర బోల్టులతో బిగించాం. గొట్టం వదిలేసి కర్ర మారిస్తే ఇంకో రెండేళ్ళకి మళ్ళీ ఇదే దశ రాసుకోవాల్సి వచ్చేది.

తప్పు నం. 1. మొదటి కొత్త దంతెని తిన్నగా పైకెత్తి పలకలకి ఆనించాం. మధ్యలో ఆనింది, రెండు కొసల్లో 7 మి.మీ. సందు. పాత దంతెలు ఏళ్ళ తరబడి కుంగి ఉన్నాయి, కొత్తది తిన్నగా ఉంది. అలాగే బిగిస్తే నేల మధ్యన గట్టు వచ్చేది. దాన్ని దించేశాం.

తర్వాత చేసింది:

1. కింది గదిలో, దంతెల మధ్యభాగం కింద ఒక అడ్డ దూలం తాత్కాలికంగా పెట్టి, రెండు స్క్రూ జాకీలతో మోశాం.
2. పూటకు 1 మి.మీ. చొప్పున లేపాం. రెండో పూట తొందరపడి 2 తిప్పితే గోడ గచ్చు టప్‌మని చిట్లింది. మళ్ళీ ఆ తొందర పడలేదు.
3. 5 మి.మీ. లేచాక ఆపాం. మిగిలిన 2 మి.మీ. వదిలేశాం.
4. కొత్త దంతెల కొసలకి గోడలో 100 మి.మీ. లోతు గూళ్ళు కొట్టి, చదునైన రాతి పలక మీద కూర్చోబెట్టాం. కొస చుట్టూ 10 మి.మీ. గాలి సందు వదిలాం. గోడ తేమ కొసకి ఎక్కకుండా.
5. 12 సందుల్లో నడిమధ్యన అడ్డముక్కలు బిగించాం. ఇవి బరువుని పక్క దంతెలకి పంచుతాయి, దంతె పక్కకు వాలకుండా పట్టుకుంటాయి.
6. జాకీలు తీశాం.

మళ్ళీ అదే వెదురు కర్ర, అదే ఇద్దరం. ముల్లు 4 మి.మీ. దిగింది. ఇప్పుడు ఒక్కో దంతె వాటా సగమే, మధ్యలో నిలబెట్టిన లెక్కన 112 కిలోలు, అంటే 3 మి.మీ. పక్కవాటి సాయం తీసేసి చూసుకున్నా హద్దుకి లోపలే.

ఇక్కడిదాకా: 11 రోజులు. కొత్త దంతెలు 6, అడ్డముక్కలు 12.

దశ 4: పలకలు, ప్లైవుడ్ (12 నుంచి 14వ రోజు)

పాత మేకులన్నీ వదులై కిర్రుమంటున్నాయి. 20 పలకలు, 13 దంతెలు, ప్రతి కూడలిలో 2 స్క్రూలు: 520. పొడవు 65 మి.మీ. ఒక పూటంతా మోకాళ్ళ మీదే. కిర్రు పూర్తిగా పోయింది.

పలకల మీద నేరుగా సిమెంట్ బోర్డు (టైల్స్ కింద వేసే పల్చటి సిమెంటు షీటు) వేయొచ్చు కదా అని తమ్ముడి ప్రశ్న. పలక గాలిలో తేమని బట్టి అడ్డంగా ఉబ్బుతుంది, ముడుచుకుంటుంది. పొడవునా మాత్రం దాదాపు కదలదు. ప్లైవుడ్‌లో పొర మీద పొర అడ్డదిడ్డంగా అతికి ఉంటుంది కాబట్టి ఒక పొర ఆటని ఇంకో పొర ఆపుతుంది. అందుకని మధ్యలో 12 మి.మీ. నీళ్ళకు ఆగే ప్లైవుడ్. పార్టికల్ బోర్డు, ఎమ్‌డిఎఫ్ మాత్రం వద్దు. తడి తగిలితే ఉబ్బి మళ్ళీ మామూలు కావు.

1. షీట్లని మూడు రోజులు ఆ గదిలోనే ఉంచాను, గది తేమకి అలవాటు పడటానికి.
2. 2440 × 1220 షీట్లు నాలుగే సరిపోయాయి. పొడవు దంతెలకి అడ్డంగా.
3. నాలుగు మూలలు ఒకచోట కలవకుండా అతుకులు జరిపాను.
4. షీటుకీ షీటుకీ మధ్య 3 మి.మీ., గోడల దగ్గర 6 మి.మీ. సందు. మొదటిసారి సందు లేకుండా ఒత్తి పెట్టాను. వానలకి ఒక అతుకు గుడిసెలా లేచింది.
5. అంచుల్లో 150, లోపల 200 మి.మీ. దూరంలో 30 మి.మీ. స్క్రూలు, 320. పలకలోకి దిగాలి గానీ దంతెలోకి దిగకూడదు. దంతె కదిలితే ఆ కదలిక నేరుగా పై పొరకి అందకుండా.

అల్యూమినియం బద్ద పెట్టి చూస్తే 3 మీటర్లలో 4 మి.మీ. పల్లం ఒక్కచోట. నా సైజు టైల్స్‌కి 3 మీటర్లకు 6 మి.మీ. దాకా పరవాలేదు. 380 మి.మీ. మించిన పెద్ద టైల్స్‌కైతే 3 మి.మీ.యే.

ఇక్కడిదాకా: 14 రోజులు, స్క్రూలు 840.

దశ 5: సిమెంట్ బోర్డు (15, 16 రోజులు)

6 మి.మీ. బోర్డు. దీని కింద కూడా అడ్హెసివ్ పరచాలి, 6 మి.మీ. పళ్ళ తాపీతో. అది అతికించడానికి కాదు, బోర్డు కింద ఎక్కడా గాలి లేకుండా నింపడానికి. అతికించే పని స్క్రూలది.

ఈ మాట తెలిసి కూడా తలుపు మూల చిన్న ముక్కకి "ఇంత ముక్కకి కలపడమెందుకు" అని పొడిగానే బిగించాను. సాయంత్రం దాని మీద కాలు పెడితే టిక్. ఎత్తితే టిక్. 18 స్క్రూలు విప్పి చూస్తే కింద 2 మి.మీ. బోలు. మళ్ళీ కలిపి పరిచి బిగించాను.

ఇంకో తప్పు, మొదటి ముక్కని గ్రైండర్‌తో కోయడం. గదిలో మనిషి కనపడలేదు. ఆ ధూళిలో సిలికా ఉంటుంది, ఊపిరితిత్తులకి చాలా చెడ్డది. తర్వాత కార్బైడ్ కత్తితో రెండు మూడు సార్లు గీసి, అంచు మీద పెట్టి విరిచాను. ధూళి లేదు, చప్పుడు లేదు, వేగం కూడా అదే ఎక్కువ.

అతుకుల్లో 3 మి.మీ. సందు వదిలి, అడ్హెసివ్ నింపి, పైన క్షారానికి ఆగే మెష్ టేపు. బోర్డు అతుకు ప్లైవుడ్ అతుకు మీద పడకుండా చూసుకున్నాను. తుప్పు పట్టని స్క్రూలు 25 మి.మీ.వి, 200 దూరంలో.

బరువు లెక్క ఇక్కడ వేశాను: ప్లైవుడ్, బోర్డు, టైల్, రెండు పొరల అడ్హెసివ్ కలిపి చదరపు మీటరుకు సుమారు 42 కిలోలు. గదికి 450. ఏడుగురు మనుషులు రాత్రింబవళ్ళు నిలబడి ఉన్నట్టు. దంతెల లెక్క ముందే చేసుకోవాల్సింది ఇందుకే.

ఇక్కడిదాకా: 16 రోజులు, స్క్రూలు 1130, అడ్హెసివ్ 30 కిలోలు.

దశ 6: గీతలు, టైల్స్ (17 నుంచి 19వ రోజు)

గోడని నమ్ముకుని మొదలుపెట్టడం మొదటిసారి చేసిన పొరపాటు. ఈసారి మూలమట్టం చూశాను: 900, 1200 కొలిచి కర్ణం 1500 రావాలి. గోడ 3.6 మీటర్లలో 14 మి.మీ. పక్కకుంది. గది మధ్యన రంగు దారం కొట్టి అక్కడి నుంచే పరిచాను.

మధ్య గీత మీద టైల్ పెడితే అంచుల్లో 126 మి.మీ. ముక్కలొస్తాయి, సగం కూడా కాదు. గీత మీద గ్రౌట్ సందు పెడితే 277 ముక్కలు. రెండు వైపులా రెండోదే బాగుంది. 80 నిండు టైల్స్, 40 కోసినవి.

అడ్హెసివ్ మార్చాను. టైల్ అడ్హెసివ్‌ల యూరప్ ప్రమాణం ఇ.ఎన్. 12004లో సి1 రకం పట్టు చదరపు మి.మీ.కు కనీసం 0.5 న్యూటన్లు, సి2కి 1. దాని పక్కన ఎస్1 అని ఉంటే ఆరిన పట్టీ విరిగే ముందు 2.5 నుంచి 5 మి.మీ. దాకా వంగుతుందని అర్థం. చెక్క మీదకి సి2 ఎస్1 తీసుకున్నాను. మొదటిసారిది ఉత్త సి1.

నా సంచి మీద 20 కిలోలకు 5 లీటర్ల నీళ్ళని ఉంది. కొలపాత్రతోనే పోశాను. కలిపి, 5 నిమిషాలు వదిలి, మళ్ళీ కలపాలి. గట్టిపడ్డాక నీళ్ళు చల్లి మెత్తబరచకూడదు.

తప్పు నం. 2. ఉక్కగా ఉందని ఫ్యాను వేసుకుని, ఒకేసారి 2 చదరపు మీటర్లు పరిచి, టైల్స్ పెడుతూ పోయాను. 12వది పెట్టాక అనుమానమొచ్చి పీకి చూశాను. వెనకాల సగం తెల్లగా ఉంది. పరిచిన దాని మీద వేలు పెడితే వేలికి అంటలేదు. చర్మం కట్టేసింది.

ఎంత అంటిందో కొలవడానికి పారదర్శకమైన ప్లాస్టిక్ కాగితం మీద 10 × 10 గళ్ళు గీసి టైల్ వెనక పరిచాను. అంటిన గళ్ళు లెక్కపెడితే అదే శాతం. పొడి గదికి 80, తడి చోటుకి 95 ఉండాలి. నాకు 62 వచ్చింది.

మార్చినవి:

1. ఫ్యాను బంద్, కిటికీ బంద్.
2. ఒకసారికి అర చదరపు మీటరే, ఐదు టైల్స్‌కి సరిపడా.
3. 10 మి.మీ. పళ్ళ తాపీ, గీతలన్నీ ఒకే దిక్కుకి. ముగ్గులా చుట్టలు చుట్టి పరిస్తే గాలి చిక్కుకుంటుంది.
4. టైల్ వెనక కూడా పల్చగా ఒక పూత.
5. పెట్టాక గీతలకి అడ్డంగా ముందుకూ వెనక్కూ 20 మి.మీ. జరిపి, రబ్బరు సుత్తితో కూర్చోబెట్టడం.

తర్వాత పీకి చూసిన రెండింటిలో 91, 94. ఆ మొదటి 12 టైల్స్ తీసి, గీకి, మళ్ళీ పెట్టాను. రెండు గంటలు పోయాయి.

ఇక్కడిదాకా: 19 రోజులు. అడ్హెసివ్ 94 కిలోలు, అంటే ఐదో సంచిలో 6 మిగిలాయి. టైల్స్ 120 పరిచినవి, 6 కోతలో విరిగినవి, 3 పీకి చూసినవి.

దశ 7: గ్రౌట్, అంచులు (20 నుంచి 22వ రోజు)

రెండు రోజులు ఆగి గ్రౌట్. స్పాంజిని సరిగా పిండకుండా తుడిచినందుకు తలుపు దగ్గర రెండు గీతలు పాలిపోయాయి. అవి అలాగే ఉన్నాయి, రోజూ చూస్తున్నాను.

గోడ చుట్టూ వదిలిన 6 మి.మీ. సందులోకి కూడా గ్రౌట్ పోయింది. అది గట్టిపడితే నేల పెరిగినప్పుడు గోడని తన్నుతుంది, తిరిగి టైల్స్ లేస్తాయి. కత్తితో మొత్తం 13 మీటర్లు గీకి తీసి, రబ్బరులా సాగే సిలికాన్ నింపాను. ముందే సందులో తాడు ముక్క కుక్కి ఉంటే ఈ పని తప్పేది.

తలుపు. పలకల మీద పాత ఎత్తు 25 మి.మీ., కొత్త ఎత్తు 33. నా లెక్కలన్నిటిలో ఈ 8 మి.మీ. లేవు. తలుపు టైల్‌కి తగిలి ఆగింది. దించి, కింది అంచు 10 మి.మీ. కోసి, కోసిన చోట వార్నిష్ వేసి ఎక్కించాం.

16 వారాల తర్వాత

గళ్ళ కాగితం మళ్ళీ తీశాను. ఐదు దంతె గీతల మీదా ఏమీ లేదు. వానాకాలం మధ్యలో వచ్చి పోయింది. నాణెంతో 120 టైల్స్ తట్టి చూస్తే రెండింటి మూలలు డొల్లగా మోగాయి. రెండూ గోడ అంచున కోసినవే, కాలు పడని చోట. వాటిని ముట్టుకోను.

ఒక్కచోట మాత్రం తేడా ఉంది. గడప దగ్గర, ఈ నేలా పక్కగది పలకల నేలా కలిసే చోట, సిలికాన్ ఒక వైపు అంచు నుంచి 1 మి.మీ. విడిపోయింది. అక్కడ సందు 4 మి.మీ.యే వదిలాను, పక్కగది పలకల ఆటకి అది చాలలేదు. వచ్చే వారం దాన్ని కోసి తీసి, 8 మి.మీ.కి వెడల్పు చేసి మళ్ళీ నింపాలి. పక్కగది దంతెల కింద కూడా వెదురు కర్ర నిలబెట్టాను. ముల్లు 7 చూపిస్తోంది.